అవ్వ కళ్ళజోడులో

నా తెర మీద ఆడే బొమ్మను నేనెప్పుడూ నేరుగా చూడలేదు. మీ ముఖం మీకు కనబడనట్టే నా ముఖం నాకూ కనబడదు. మాటలు వింటాను. వెనక వాయించే వయొలినూ, వేణువూ, ఉరుములూ వింటాను. బొమ్మ మాత్రం నాకు ఒక్కచోటే దొరుకుతుంది: ఎదురుగా మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునే అవ్వ కళ్ళజోడులో. రెండద్దాల్లో రెండు చిన్న తెరలు, వాటిలో గోరంత మనుషులు. డాక్టర్ బాబునూ వంటలక్కనూ అలాగే చూశాను. రిషి సర్‌నూ వసుధారనూ అలాగే చూశాను. ఆ అద్దాల వెనక అవ్వ కళ్ళు ఎప్పుడు మెరిశాయో, ఎప్పుడు మెరవడం మానేశాయో కూడా చూశాను. నేను చెప్పుకోదలచింది ఆ సంగతే.

నేను ముప్పై రెండంగుళాల టీవీని. 2017 దసరా ముందు, సర్జాపురలోని ఒక అంగడి నుంచి ఆటోలో ఈ ఇంటికి వచ్చాను. సర్జాపుర బెంగళూరు జిల్లాలో, ఆనేకల్ తాలూకాలో ఉంది. ఒకప్పుడు సన్న నూలు బట్టకు పేరు మోసిన మగ్గాల ఊరు. ఇప్పుడు ఎటు చూసినా అపార్టుమెంట్లు. నగరం వైపు ఇదే రోడ్డు మీద దొడ్డకన్నెల్లిలో విప్రో కార్యాలయం ఉంది, ఇటు పక్కకు పోతే హోసూరు. ఇక్కడి పాత ఊరివాళ్ళు చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మధ్యమధ్య కన్నడం కలుపుతారు. నన్ను కొన్న అబ్బాయి కంప్యూటరు ఉద్యోగి. హిందూపురంలో హైస్కూలు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైన తండ్రినీ, తల్లినీ తన దగ్గరికి తెచ్చుకున్నాడు. వాళ్ళకు కాలక్షేపం కావాలని నన్నూ తెచ్చాడు. నాలుగేళ్ళు హాల్లో ఉన్నాను. పెద్ద టీవీ వచ్చాక అవ్వాతాతల గదిలోకి మారాను. నాకది మేలే అయింది. హాల్లో ఉన్నప్పుడు పదిమంది ముఖాలు చూసేదాన్ని, గదిలో ఇద్దరినే చూస్తాను. ఇద్దరిని చూడటం మొదలుపెట్టాకే ప్రేమంటే నాకు కొంచెం తెలిసింది.

నేను వచ్చిన పక్షం రోజులకే, అక్టోబరు నెల నడుమ, స్టార్ మాలో 'కార్తీక దీపం' మొదలైంది. సాయంత్రం ఏడున్నరకు. మొదటి నెలల్లో అవ్వను మీరు చూసి ఉండాల్సింది! నల్లగా ఉన్నావంటూ పుట్టింట్లోనే మాటలు పడిన దీప, ఆ నలుపు వెనక మనిషిని చూసి మనసు పడిన డాక్టర్ కార్తీక్. అవ్వ వీపు గోడకు ఆనించేది కాదు, ముందుకు వంగి కూర్చునేది. కార్తీక్ దీప కోసం తల్లిని ఎదిరించి మాట్లాడే ఘట్టాల్లో కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకునేది. అద్దాల మీద మరకేమీ ఉండేది కాదు. తడిసింది కళ్ళే.

ఆ తరవాత అనుమానం వచ్చింది. కార్తీక్ తనకు పిల్లలు పుట్టరని నమ్మాడు, దీప కడుపుతో ఉంది. ఒక్క పరీక్ష చేయించుకుంటే తేలిపోయే అనుమానం. అతనేమో స్వయానా డాక్టరు. ఆ ఒక్క పరీక్ష చుట్టూ కథ ఏళ్ళ తరబడి తిరిగింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, వేర్వేరు ఇళ్ళల్లో పెరిగారు, కార్తీక్ మీద కన్నేసిన మోనిత ఎత్తులు వేసింది, కార్తీక్ తల్లి సౌందర్య ఏడ్చింది. ఐదేళ్ళకు పైగా, పదిహేను వందల పైచిలుకు భాగాలు. అందులో కార్తీక్, దీప ఇద్దరే ఒకచోట కూర్చుని, ఒకరి మనసులో మాట ఒకరికి చెప్పుకున్న నిమిషాలు ఎన్నని వేళ్ళ మీద లెక్కపెట్టబోయేది అవ్వ. ఒక చేతి వేళ్ళు దాటేవి కావు. నేను అవ్వ మీద నేరం మోపడం లేదు, ఆ నటుల మీదా మోపడం లేదు. దీపగా, అదే వంటలక్కగా చేసిన ప్రేమి విశ్వనాథ్ కళ్ళెత్తి చూస్తే చాలు, గదిలో చప్పుడు ఆగిపోయేది. అంత నటన చేతిలో ఉంచుకుని, ఆమె చేత ఐదేళ్ళు ఎదురుచూపే చేయించారు. నా బాధ అది.

బొమ్మ కనబడదు కనక నాకు చెవులే కళ్ళు. సీరియల్ ప్రేమను చప్పుళ్ళతోనే గుర్తుపడతాను. ముందు గాజుల గలగల. తరవాత కాలు జారిన చప్పుడు. అమ్మాయి పడబోతుంది, అబ్బాయి పట్టుకుంటాడు. ఒక ఆలాపన మొదలవుతుంది. ఇద్దరూ చూసుకుంటూ ఉండిపోతారు, ఆలాపన సాగుతూనే ఉంటుంది. ఒక మాట ఉండదు. అంతలో గుమ్మంలో ఎవరో దగ్గుతారు, లేదా ఉరుము ఉరుముతుంది, అదే ఉరుము మూడుసార్లు. అయిపోయింది. వారానికి ఒకసారి ఆ కాలు జారడం, ఆ ఆలాపన. సీరియల్ మారినా గాజులు అవే, ఉరుము అదే. చెవితో వినేవాళ్ళకే తెలుస్తుంది, అందులో మాట ఎంత తక్కువో. కోరుకోవడం ఉంటే మాట రాకుండా ఉంటుందా? కనీసం ఒక అబద్ధమైనా వస్తుంది. ఒక పోట్లాటైనా వస్తుంది.

ఇంట్లో పనికి వచ్చే అక్కది ఈ పక్క పల్లెటూరే. సాయంత్రం అంట్లు అయ్యాక నేల మీద కూర్చుని పావుగంట చూసి పోతుంది. "ఈ అబ్బాయి మా మైసూరోడు కదవ్వా! కన్నడంలో చూసుంటిని" అని ముకేశ్ గౌడను చూసి ఎంత సంబరపడిందో! 'గుప్పెడంత మనసు'లో రిషిగా చేసింది ఆ అబ్బాయే, వసుధారగా చేసిన రక్షా గౌడ కూడా కన్నడమ్మాయే. మోనితగా చేసిన శోభా శెట్టి ఈ బెంగళూరు నుంచి వెళ్ళిన మనిషే. అక్కకు ముఖాలు తెలుసు, నాకు గొంతులు తెలుసు. తెలుగు సీరియళ్ళలో కన్నడం నుంచి, మలయాళం నుంచి వచ్చిన నాయికా నాయకులు చాలామంది. కెమెరా పక్కన ఒకరు నిలబడి డైలాగు అందిస్తుంటారు, వీళ్ళు అందుకుని పలుకుతారు, తరవాత డబ్బింగు గదిలో మరొకరు గొంతిస్తారు. పండగ కార్యక్రమాల్లో వాళ్ళే చెప్పుకుంటారు ఈ కష్టం. పరాయి భాషలో రోజుకు పన్నెండు గంటలు పనిచేయడం తేలిక కాదు, వాళ్ళంటే నాకు గౌరవం. కానీ ప్రేమ ఘట్టం వచ్చేసరికి లెక్క చూడండి. తెర మీద ఇద్దరు, గొంతులు మరో ఇద్దరివి. ఆ నలుగురూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ ఒక్క మాటైనా అనుకోలేదు. ఊపిరి ఒకరిది, మాట ఒకరిది. ఆరాటం వాటి మధ్య ఎక్కడో జారిపోతుంది.

కథలదీ అదే దారి. 'కార్తీక దీపం' మలయాళం 'కరుత్తముత్తు' నుంచి వచ్చింది, అక్కడా కథానాయిక ప్రేమి విశ్వనాథే. మరాఠీ 'తులా పాహతే రే' ఇక్కడ 'ప్రేమ ఎంత మధురం' అయింది, కన్నడంలో 'జొతె జొతెయలి' అయింది. ఒక ఊరి ప్రేమ మరో ఊరికి రావడం తప్పు కాదు. రామాయణం అలాగే వచ్చింది. అయితే తెలుగు చేసినవాళ్ళు దాన్ని మళ్ళీ ప్రేమించి రాసుకున్నారు. సీరియల్ రాసేవాళ్ళకు ఆ తీరిక లేదు. వారానికి ఆరు రోజులు ఎపిసోడు అందించాలి, గురువారం వస్తే ఎంతమంది చూశారో చెప్పే బార్క్ రేటింగులు చూసుకోవాలి, అత్త కనబడ్డ రోజు అంకె పెరిగితే అత్తనే ఇంకా చూపించాలి. ఇద్దరూ కలిసిపోతే కథ అయిపోతుందని భయం. అందుకని కలవనివ్వరు. కలిసినా మాట్లాడుకోనివ్వరు. మాట్లాడుకున్నా ఎవరో ఒకరు తలుపు చాటునుంచి వింటుంటారు. పదిమంది తిరిగే సీరియల్ బంగళా హాల్లో ఆ జంటకు ఒక మూల ఉండదు.

సెన్సారు ఉంది కదా, ఇంటిల్లిపాదీ చూసే టీవీలో శృంగారం ఎలా చూపిస్తారు అంటారు కొందరు. 1995 నాటి కేబుల్ టీవీ చట్టం ఉన్న మాట నిజమే. ఇంట్లో పిల్లలు కూర్చుని ఉంటారు, ఆ హద్దు ఉండాలనే నేనూ అంటాను. కానీ ఆదివారం మధ్యాహ్నాలు నా తెర మీద 1951 నాటి 'మల్లీశ్వరి' వచ్చినప్పుడు తాత మందులు కూడా మరిచిపోయి చూస్తారు. అందులో భానుమతి, రామారావు ఒకరినొకరు తాకింది ఎంత? ఆమె 'బావా' అని పిలిచిన తీరుకే గది నిండిపోతుంది. ఆ సినిమా చూసిన రోజు రాత్రి తాత అవ్వ చేతికి నీళ్ళ గ్లాసు అందించే తీరే వేరుగా ఉంటుంది, నేను చూశాను. తాకడం కాదు కావలసింది. ఒక మనిషి కోసం మరో మనిషి లోపల కాలిపోతున్నట్టు మనకు తెలియాలి.

తాత ఊరికే ఉండరు. ప్రకటనలు వచ్చినప్పుడు నా గొంతు నొక్కేసి, అవ్వకు పాఠం చెబుతారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన పాఠమే. నంది తిమ్మన సత్యభామ కథ ఎన్నిసార్లు విన్నానో. పారిజాతం పువ్వు రుక్మిణికి ఇచ్చాడని అలిగి, కాళ్ళ మీద పడిన కృష్ణుణ్ణి ఎడమకాలితో తన్నింది. దేవదేవుడికి కోపం రాలేదు. ఆమె పాదం నొచ్చిందేమోనని కంగారు పడ్డాడు. "ఏమ్మే, ఐదొందలేండ్ల కిందట రాసిందిది, రాయలవారి సభలో చదివింది. ఆ మొగుడూపెండ్లాలు ఎంత దగ్గరివాళ్ళో చూడు, తన్నేంత దగ్గర" అంటారు తాత. "నీ సీరియల్లో ఆ పిల్ల వాణ్ని ఒక్క మాట గట్టిగా అనదు, వాడు ఆ పిల్లను బతిమాలడు" అని కూడా అంటారు. అవ్వ నవ్వుతుంది. "నేను తంతే నువ్వు ఊరుకుంటావా ఏంది?" అంటుంది. తాత సమాధానం చెప్పరు. నా గొంతు మళ్ళీ పెంచుతారు.

ఒక రోజు తాత చెప్పిన మరో సంగతి నా మనసులో గట్టిగా ఉండిపోయింది, అందులో బెంగళూరు పేరుండటం వల్ల కావచ్చు. తంజావూరులో ప్రతాపసింహ మహారాజు కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికా సాంత్వనము' రాసింది. రాధ తాను పెంచిన ఇళ అనే పిల్లను తానే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. చేసి, అసూయతో మండిపోతుంది. కృష్ణుడు వచ్చి బతిమాలితే గానీ చల్లారదు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తిగా పరిష్కరించి వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. ఆడది ఇలా రాయవచ్చా అని పెద్దలు కోప్పడ్డారు, ప్రభుత్వం ప్రతులు పట్టుకుని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే వేళకు టంగుటూరి ప్రకాశం పూనుకుంటే గానీ ఆ నిషేధం తొలగలేదు.

నేను ఆలోచిస్తూ ఉండిపోయాను. ఒక మగవాడు, ఇద్దరు ఆడవాళ్ళు. ఇది సీరియల్ కథే కదా! రోజూ నేను మోసే కథే కదా! తేడా ఎక్కడుంది? రాధ తన నోటితో చెప్పింది. నాకు ఇది కావాలి, ఇది పోయింది, నేను కాలిపోతున్నాను అని చెప్పింది. నా తెర మీది ఆడపిల్ల చెప్పదు. ఆమె త్యాగం చేస్తుంది, సహిస్తుంది, పూజ చేస్తుంది, విషం కలిపిన పాయసం గిన్నె కనిపెట్టి అత్త ప్రాణం కాపాడుతుంది. ఆయన తనకు కావాలని ఒక్కసారి గొంతు విప్పి అనదు. ఆ మాట అనడానికి ఒకప్పుడు ప్రభుత్వం అడ్డొచ్చింది. ఇప్పుడు ఎవరూ అడ్డు రాకుండానే మనం ఆమె నోరు కట్టేశాం.

అన్నీ అలాగే ఉన్నాయని అంటే అన్యాయం అవుతుంది. 'గుప్పెడంత మనసు' 2020 డిసెంబరులో మొదలైంది. మొదటి రెండేళ్ళు అవ్వ మళ్ళీ ముందుకు వంగి కూర్చుంది. కాలేజీ ఎండీ రిషికి కోపం ఎక్కువ, వసుధారకు పంతం ఎక్కువ. ప్రేమ పుట్టాక కూడా ఆమె 'సర్' అనే పిలిచేది. ఆ ఒక్క 'సర్'లో ఎన్ని రకాలు విన్నానో నాకే తెలుసు. అలిగిన 'సర్' వేరు, భయపడిన 'సర్' వేరు, వెళ్ళొద్దనే 'సర్' వేరు. అక్కడ ఆరాటం ఉండేది. దూరమే ఆరాటాన్ని పెంచేది. మనవరాలు కూడా ఫోను పక్కన పెట్టి వచ్చి అవ్వ పక్కన చేరేది. తరవాత కుట్రలు ఎక్కువయ్యాయి, జంట పక్కకు జరిగిపోయింది, 2024 ఆగస్టులో సీరియల్ ముగిసింది. ఆ మొదటి రెండేళ్ళు చాలు, చేతనవుతుందని రుజువు కావడానికి. అవ్వకు ఇంకా ముందరి రోజులూ గుర్తున్నాయి. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు', జెమినీలో 'చక్రవాకం', 'మొగలిరేకులు', మూడూ మంజులా నాయుడు తీసినవే. 'చక్రవాకం' పేరు వినగానే తాత చెబుతారు, రాత్రంతా విడిపోయి ఒకదానినొకటి పిలుచుకునే పక్షుల జంట అని. పిలుచుకునే! సీరియళ్ళకు ఆ విడిపోవడం వంటబట్టింది, పిలుచుకోవడం పట్టుబడలేదు.

లాక్‌డౌనులో షూటింగులు ఆగిపోయి పాత ఎపిసోడ్లే వేసినప్పుడు, మనవరాలు అవ్వకు ఒక కొరియా కథ చెప్పింది. 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ', మొత్తం పదహారే భాగాలు. దక్షిణ కొరియా పిల్ల సుడిగాలికి కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో పడుతుంది. అక్కడి సైనికాధికారి ఆమెను దాచి కాపాడతాడు. ఒకసారి ఆమె సువాసన కొవ్వొత్తి అడిగితే అతను మామూలు కొవ్వొత్తి తెస్తాడు. తరవాత ఒక సాయంత్రం సంతలో ఆమె తప్పిపోతుంది. చీకటి, జనం. అంత జనంలో అతను చేయి పైకెత్తి ఒక కొవ్వొత్తి వెలిగించి పట్టుకుని నిలబడతాడు. ఈసారి అది సువాసన కొవ్వొత్తి. మనవరాలు చెయ్యెత్తి చూపించింది. అవ్వ ఆ చేతివైపు అలా చూస్తుండిపోయింది, చేతిలో కొవ్వొత్తి ఉన్నట్టే. "వాడు గుర్తుపెట్టుకున్యాడు కదా" అంది. అంతే అంది. ఆ జంటగా నటించిన హ్యున్ బిన్, సన్ యే-జిన్ 2022లో నిజంగానే పెళ్ళి చేసుకున్నారని తెలిసినప్పుడు, ఎరిగిన పిల్లల పెళ్ళిలా సంతోషపడింది. ఏ భాషైతేనేం, ఆ కొవ్వొత్తి హిందూపురం ఆడమనిషికి అందింది.

ఇక 2023 జనవరి. అనపకాయల కాలం. ఈ బెంగళూరు చుట్టుపక్కల ఆ కాలమంతా ఏ ఇంటికి పోయినా ఆ వాసనే. నానబెట్టిన గింజల గిన్నె మంచం మీద పెట్టుకుని అవ్వ పితికిపప్పు చేస్తోంది. గింజను బొటనవేలితో, చూపుడువేలితో ఒక్క నొక్కు నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలో పడుతుంది. ఆ రోజే 'కార్తీక దీపం' ఆఖరి భాగం. ఐదేళ్ళ కథ ముగుస్తోంది, సంగీతం పతాకస్థాయిలో ఉంది. తాత వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏమ్మే, గోరు నొప్పెడతాందా? ఇట్లా ఇయ్యి, నేను పితుకుతా."

"నీకు రాదులే. పప్పు చితిపేస్తావు."

"చితిపితే చితిపింది, సాంబార్లో ఎవురికి కనబడుతుంది?" అంటూ గిన్నెలో చెయ్యి పెట్టారు. ఆ నీళ్ళలో ఇద్దరి వేళ్ళూ తగిలాయి. అవ్వ చెయ్యి తీయలేదు. తాత తీయలేదు. ఒక గింజ ఆయన వేళ్ళలోంచి ఎగిరి ఆమె కళ్ళజోడుకు తగిలింది. ఇద్దరూ నవ్వారు. ఆయన తన పంచె అంచుతో ఆ అద్దం తుడిచి, చెవుల మీద సరిగ్గా అమర్చారు. అమర్చాక కూడా చెయ్యి ఒక క్షణం ఆమె చెంప దగ్గరే ఉంది. యాభై ఏళ్ళ కాపురం. నేను ఆ అద్దాల్లోకి చూశాను, కార్తీక్, దీప చివరిసారి కనబడతారేమోనని. అద్దాల్లో నా తెర లేదు. తాత ముఖం ఉంది.

ఐదేళ్ళు కళ్ళప్పగించి చూసిన కథ ముగిసిపోతుంటే అవ్వ తల తిప్పి చూడలేదు. ఆ పదిహేను వందల భాగాల్లో లేనిది ఆ గిన్నెలో ఉంది.

హైదరాబాదులో కూర్చుని రేపటి ఎపిసోడు రాస్తున్న వాళ్ళకు ఈ సర్జాపుర గదిలోంచి ఒక మనవి. మా అవ్వకు డెబ్బై దాటాయి. ప్రేమంటే ఏమిటో ఆమెకు మీరు నేర్పనక్కర్లేదు, ఆమెకు తెలిసినదాన్ని తక్కువచేసి చూపించకండి. కుట్రలు ఉండనివ్వండి, అత్తలు ఉండనివ్వండి, రేటింగు మీకు కావాలి, నాకు తెలుసు. రోజూ ఇరవై రెండు నిమిషాలు మీ చేతిలో ఉన్నాయి. అందులో ఐదు నిమిషాలు ఆ ఇద్దరికీ ఇవ్వండి. ఆలాపన ఆపండి, తలుపు చాటు మనిషిని బయటికి పంపండి. ఆ పిల్లను అలగనివ్వండి, అతన్ని బతిమాలనివ్వండి, ఒకరికొకరు ఏం కావాలో నోరు తెరిచి అడుక్కోనివ్వండి. ఏడున్నరకు అవ్వ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటుంది.